అంగుళం పెట్రోలు

మా తాత యేసన్నకు ఏ గిన్నె అడుగునైనా ఏదైనా మిగిలిపోతే మనసు నిలిచేది కాదు. నూనె సీసా ఖాళీ అయ్యాక దాన్ని గూట్లో తలకిందులుగా నిలబెట్టి, కింద పళ్ళెం ఉంచి, రెండు రోజులు కాపలా కాసేవాడు. మజ్జిగ తాగిన లోటాలో కాసిన్ని నీళ్ళు పోసి, గుండ్రంగా తిప్పి, మళ్ళీ తాగేవాడు. ఆయన తిన్న కంచం కడగాల్సిన పని లేదని మా అవ్వ నల్లమ్మ అనేది. అది పొగడ్తో తిట్టో నాకు ఇప్పటికీ తెలీదు.

నల్లమాడలో రేకుపని చేసేది ఆయనొక్కడే. బొక్కెనలు, గరాటులు, నీళ్ళ గాబు మూతలు, పొలానికి గంజి మోసుకుపోయే క్యాన్లు చేసేవాడు. రేకు సామాను ఏది కనిపించినా వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విని, ఎక్కడ కారుతుందో చెప్పేవాడు. చిన్నప్పుడు నా తలను కూడా అట్లాగే తట్టి, లోపల ఏమీ లేదు కాబట్టి కారే భయం లేదన్నాడు. ఆరో తరగతితో నేను బడి మానేసినప్పుడు తన మాట నిజమైందని వీధంతా చెప్పుకున్నాడు.

ఇప్పుడు చెప్పబోయే జీపు సంగతి నేను పుట్టకముందుది. కొంత అవ్వ దగ్గర విన్నాను, కొంత ఆ జీపు డ్రైవరు ఓబుళేసు దగ్గర విన్నాను. తాత నోటినుంచి ఒక్క ముక్క రాలలేదు.

అరవై ఐదులో వానలు పడలేదు. బావులన్నిట్లో అడుగు రాళ్ళు తేలాయి. బావిలో నీళ్ళు లేనప్పుడు బొక్కెన కొనేవాడెవడు? తాత దుకాణం ముందు పేర్చిన బొక్కెనల్లో కోళ్ళు గుడ్లు పెట్టాయట. ఊళ్ళో సగం మంది మూటలు కట్టుకుని కణేకల్ వైపు, కాలువ కింద వరికోతలకు వెళ్ళిపోయారు. తాత, అవ్వ మాత్రం కదల్లేదు. అంతకు రెండేళ్ళ ముందు వాళ్ళు ఒకసారి ఆ కోతలకు వెళ్ళారు. అక్కడ చలిజ్వరం తగిలి ఐదేళ్ళ పెద్దకూతురు మార్తమ్మ పోయింది. కాలువ గట్టు పక్కనే పూడ్చి, తలవైపు ఒక రాయి పెట్టి వచ్చారు. మళ్ళీ ఆ నీళ్ళ మొగం చూడనని అవ్వ ఒట్టు పెట్టుకుంది. మా నాయన అప్పటికి ఇంకా పుట్టలేదు. కరువు నాటికి చంకలో బిడ్డ.

ఆ యేడే ఒక సాయం సంఘం వాళ్ళు ఊరి బయట రేకుల షెడ్డు వేసి, చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు పాలపొడి కలిపి పోసే పని పెట్టుకున్నారు. వాళ్ళకో జీపు ఉండేది. నాలుగు చక్రాలూ లాగే జీపు కాబట్టి ఎండిపోయిన వంకల ఇసుకలోనూ, గుట్టల మీద గుండ్రాళ్ళలోనూ తిరిగేది. తిరగడానికి పెట్రోలు కావాలి. పెట్రోలు బంకు కదిరిలో ఉంది. డ్రైవరు సీటు కింద ఉండే ట్యాంకు దూరపు పల్లెలకు చాలేది కాదు. అందుకని ఓబుళేసు డబ్బాల్లో పెట్రోలు పోసి, పాలపొడి మూటల పక్కనే కట్టుకుని పోయేవాడు. ఒకరోజు ఒక డబ్బా కారింది. ఆ రోజు రెండు పల్లెల పిల్లలు పాలు నోట్లో పెట్టుకుని ఊసేశారు.

దాంతో మేనేజరు ఎడమ సీటు కింద రెండో ట్యాంకు పెట్టాలనుకున్నాడు. బెంగుళూరు నుంచి తెప్పించాలంటే నెల పడుతుందన్నారు. అప్పుడు తాతను పిలిచాడు. ఆ పని బాగా చేస్తే షెడ్డులో ఫిట్టరుగా పెట్టుకుంటామని, మూడేళ్ళకు తక్కువ కాకుండా పని ఉంటుందని చెప్పాడు. అవ్వ ఆ మాట విని ఏసు గుళ్ళోకి పోయి మోకాళ్ళ మీద కూర్చుని, లేవడం మరిచిపోయిందట. మూడేళ్ళు కణేకల్‌కు పోనక్కర లేదు. ఆమెకు వినిపించింది అదొక్కటే.

తాత నాలుగు రోజులు తిండి సరిగ్గా తినకుండా ఆ ట్యాంకు చేశాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తు. పెట్రోలు ఊగకుండా లోపల రెండు అడ్డరేకులు. మూలలు మడిచి, రివెట్లు బిగించి, సందుల్లో టంకం పోసి అతికాడు. సీటు కింద ఇనప పట్టీలతో కట్టి, రేకు అరగకుండా మధ్యలో పాత టైరు ముక్కలు పెట్టాడు. పైన పెట్రోలు పోసే మూతి, దాని పక్కన గాలి ఆడే సన్న రంధ్రం. పెట్రోలును పీల్చే రాగి గొట్టం పైనుంచి లోపలికి దిగుతుంది. ఆ గొట్టాన్ని పాత ట్యాంకు గొట్టంతో కలిపి, మధ్యలో ఒక చిన్న కుళాయి పెట్టాడు. ఇటు తిప్పితే పాత ట్యాంకు, అటు తిప్పితే కొత్తది. అంతా అయ్యాక మీసం దువ్వుకుని, జీపు చుట్టూ పెళ్ళికొడుకులా తిరిగాడని ఓబుళేసు చెప్పాడు. అవ్వ అయితే, పెళ్ళినాడు కూడా ఆ మీసం దువ్వలేదంది.

గొట్టం సంగతి ఓబుళేసు ముందే చెప్పాడు. అడుగుకు అంగుళం పైన ఆపమన్నాడు. కంపెనీ ట్యాంకులో కూడా అట్లాగే ఉంటుందన్నాడు. తాత తల ఊపాడు. తర్వాత ఒక్కడే కూర్చుని లెక్క వేశాడు. ఆ పెట్టె అడుగున అంగుళం అంటే గ్యాలను పెట్రోలు. జీపు ఎన్నాళ్ళు తిరిగినా అది ఇంజనుకు అందకుండా ఊరికే పడి ఉంటుంది. గ్యాలనంటే ఒక పల్లెకు పోయి రావచ్చు. కంపెనీ వాళ్ళకు కరువు తెలీదు కాబట్టి వదిలేసి ఉంటారనుకున్నాడు. గొట్టానికి ఇంకో ముక్క అతికి, అడుగుకు బియ్యపు గింజంత ఎడం మాత్రం ఉంచాడు. ఎవరికీ చెప్పలేదు. నూనె సీసాను తలకిందులు పెట్టే మనిషి ఇంకేం చేస్తాడు?

కారుతుందో లేదో చూడ్డానికి బొక్కెనకైనా ట్యాంకుకైనా ఆయనకు తెలిసిన పరీక్ష ఒకటే, నీళ్ళు నింపి కూర్చోవడం. అవ్వ వంక ఇసుకలో తవ్విన చెలమ దగ్గర సగం రోజు కూర్చుని, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి, మూడు కడవలు మోసుకొచ్చింది. ట్యాంకు ఒక్క చుక్క కారలేదు. ఆ నీళ్ళు పారబోయడానికి అవ్వ ఒప్పుకోలేదు. ట్యాంకును వంచి, వంచి, మళ్ళీ కడవల్లోకి పట్టుకుని ఇల్లు అలికింది. తర్వాత తాత దాన్ని మూతి తెరిచి కాసేపు ఎండలో పెట్టాడు. ఆ ఎండకు చెరువులే మాయమైపోయాయి, ట్యాంకులో తడి ఎంతసేపు నిలుస్తుందనుకున్నాడు. అడ్డరేకుల వెనక మూలల్లోకి ఎండ పోదని ఆయనకు తట్టలేదు.

మూడో రోజు జీపు పాలపొడితో దూరపు పల్లెలకు బయలుదేరింది. పాత ట్యాంకు అయిపోయాక ఓబుళేసు కుళాయి తిప్పాడు. రెండు మైళ్ళు పోయి జీపు దగ్గి, ఆగిపోయింది. మనిషి లేడు, చెట్టు లేదు. సాయంత్రం ఎడ్లబండి వాడొకడు కనిపించేదాకా అక్కడే ఉన్నాడు. అవతలి పల్లెలో పిల్లలు గిన్నెలు పట్టుకుని చీకటి పడేదాకా దారి చూసి, వెళ్ళిపోయారట.

మర్నాడు ఎడ్లతో జీపును షెడ్డుకు లాక్కొచ్చారు. మేనేజరు ఇంజను పక్కన పెట్రోలు వడకట్టే గాజు గిన్నె విప్పి చూశాడు. పైన ఎర్రటి పెట్రోలు, కింద తేటగా నీళ్ళు. పెట్రోలు అమ్ముకుని నీళ్ళు కలిపావని ఓబుళేసును పట్టుకున్నాడు.

"ఈ కరువులో ఇన్ని నీళ్ళు దొరికితే పెట్రోల్లో ఎందుకు పోస్తా సార్? ఇంటికి తీసకపోనా?" అన్నాడు ఓబుళేసు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మేనేజరు నవ్వలేదు. రేపు మధ్యాహ్నం లోపల ఎవరికి అమ్మావో చెప్పకపోతే పని తీసేసి, పోలీసులకు అప్పగిస్తానన్నాడు.

సాయంత్రం ఓబుళేసు మా ఇంటికి వచ్చాడు. అనుమానంతో కాదు. తను అట్లాంటివాడు కాదని మేనేజరుకు ఒక మాట చెప్పమని అడగడానికి. తాత అంతా విని ఒక్కటే అడిగాడు, ట్యాంకులో పోయగా డబ్బాల్లో మిగిలిన పెట్రోల్లో నీళ్ళున్నాయా అని. లేవన్నాడు ఓబుళేసు. తాత ముఖం టంకం పోసినట్టు తెల్లబోయిందట. పొద్దున షెడ్డుకు వస్తాలే అని అతన్ని పంపేశాడు. తర్వాత అవ్వకు గొట్టం సంగతి చెప్పాడు. నీళ్ళు పెట్రోలు కిందికి చేరతాయని, అంగుళం ఎత్తున ఆపి ఉంటే అవి అడుగునే పడి ఉండేవని, తను ఆ అంగుళం వదల్లేకపోయానని.

అవ్వ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"నువ్వు చెప్తే ఆ పని పోతాది."

"పోతాది."

"పోతే యాడికి పోవాల మనం?"

తాత గూట్లో తలకిందులున్న నూనె సీసాను సర్ది పెట్టాడు.

"నా నోటితోనే చెప్పిచ్చుకోవాలనా? కణేకల్‌కు. మళ్ళా ఆ గట్టు మీదికి."

"ఓబుళేసును దొంగంటాండారు నల్లమ్మా."

"అంటే అననీ. మాటకు మనిషి చావడు. ఆడ చలిజ్వరానికి చస్తాడు." ఒళ్ళో ఉన్న మా నాయనను ఆమె ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఒకదాన్ని పెట్టి వచ్చినాం. చాల్లేదా నీకు?"

ఆ మాట అన్నందుకు తర్వాత నా ముందు చాలాసార్లు ఏడ్చింది. కానీ తప్పు మాట అన్నానని ఎప్పుడూ అనలేదు.

పొద్దున తాత షెడ్డుకు పోయాడు. ఎవరినీ పలకరించకుండా జీపు ఎడమ సీటు ఎత్తి, పట్టీలు విప్పి, ట్యాంకు బయటికి తీశాడు. గొట్టం ఊడదీసి, తను అతికిన ముక్కను మేనేజరు ముందు బల్ల మీద పెట్టాడు.

"ఆ నీళ్ళు మావి సార్. మా ఆడమనిషి వంకలోనుంచి మోసినవి. ఓబుళేసు అంగుళం వదలమన్న్యాడు, నేను వదల్లేదు. అంత పెట్రోలు ఊరికే అడుగున పడుంటాదంటే మనసొప్పలేదు."

ఓబుళేసు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. మేనేజరు ఆ రాగి ముక్కను చేతిలో తిప్పి చూశాడు. ఆయన చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులభంగా ఉండేది. కానీ ఆయన చెడ్డవాడు కాదు. ఓబుళేసు వైపు తిరిగి, అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు. తర్వాత తాతను కూర్చోమన్నాడు. తాత కూర్చోలేదు.

"నువ్వు నిజాయితీపరుడివి యేసన్నా. కానీ నాకు చెప్పింది చెప్పినట్టు చేసేవాడు కావాలి. పిల్లలకు పాలపొడి కొలిచే డబ్బా చేయమంటే, నీ మనసొప్పలేదని గీత ఇంకో చోట పెడితే నేనేం చేయను?"

తాత ట్యాంకును ఎత్తుకుని జీపు దగ్గరికి నడిచాడు.

ఫిట్టరు పనికి కదిరి నుంచి ఒకతన్ని తెచ్చుకున్నారు. తాత మాత్రం ఆ రోజే, ఎవరూ అడక్కుండానే, గొట్టాన్ని అంగుళం పైకి కోసి, ట్యాంకును పూర్తిగా ఆరబెట్టి, మళ్ళీ సీటు కింద బిగించి వచ్చాడు. ఆ ట్యాంకు కరువు తీరేదాకా ఒక్కసారి కూడా మొరాయించలేదని ఓబుళేసు ప్రమాణం చేస్తాడు. అప్పటికి దానివల్ల మాకు ఒరిగేదేమీ లేదు.

పదిరోజులకు తాత, అవ్వ మూట కట్టుకున్నారు. కదిరి దాకా ఓబుళేసు జీపులో దింపాడు. దారి పొడుగునా అతను ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడట. తాత ఊ కొట్టాడు. అవ్వ వెనక కూర్చుని, బిడ్డ తల మీద కొంగు కప్పింది. కదిరిలో దిగేటప్పుడు ఓబుళేసు అవ్వ కాళ్ళకు మొక్కబోయాడు. అవ్వ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

కణేకల్ చేరేసరికి కాలువ గట్లు ఒరుసుకుని పారుతోంది. ఏడాదిగా చెలమ నీళ్ళు చిప్పతో తోడుకున్న తోటి కూలీలు, దిగీ దిగగానే బట్టలతోనే నీళ్ళలోకి పోయారు. అవ్వ పోలేదు. మార్తమ్మను పెట్టిన చోటు వెతికింది. గట్టు బలానికి కొత్త మట్టి పోసినట్టున్నారు. రాయి ఎక్కడా కనిపించలేదు. అటు కొంత దూరం, ఇటు కొంత దూరం నడిచి, తుమ్మచెట్టు కింద కూర్చుంది. తాత బొక్కెనతో నీళ్ళు తెచ్చి పక్కన పెడితే తాగలేదు. బావి ఎక్కడైనా ఉందా అని అడిగింది. కోతల మేస్త్రీ నవ్వి, కాలువ ఉండగా బావి ఎందుకమ్మా అన్నాడు.

ఆ రోజంతా నీళ్ళు ముట్టకుండా అట్లాగే ఉంది. మర్నాడు కోతకు దిగింది, ఎండలో మధ్యాహ్నం దాకా కోసింది. బిడ్డకు రొమ్మిస్తే పాలు రాలేదు. బిడ్డ గుక్క పట్టి ఏడ్చాడు. అప్పుడు అవ్వ కొడవలి కింద పెట్టి, గట్టు దిగి, దోసిలి పట్టి ఆ నీళ్ళు తాగింది.