చింతపండుతో తోమిన తూటాలు

2013 ఏప్రిల్‌లో ఒక శనివారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా అత్తగారు చింతపండు నానబెట్టారు. సమయం ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, ఆ సాయంత్రం ఆవిడను అడిగి నేనే రిపోర్టులో రాశాను.

అప్పుడు నేను న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీలో, మాత్రలు తయారయ్యే విభాగానికి క్వాలిటీ అస్యూరెన్స్ మేనేజర్‌ని. ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్ళం. నా ఉద్యోగం గురించి చెప్పడం తేలిక. మాత్రలు చేసి సంతకం పెట్టేది ఒకరు, అవి బయటికి వెళ్ళవచ్చని సంతకం పెట్టేది మరొకరు. ఆ రెండో సంతకం నాది. అది లేకుండా ఒక్క డబ్బా కూడా గేటు దాటదు. చేసినవాడే పాస్ చెయ్యకూడదన్నది ఆ వృత్తిలో మొదటి సూత్రం.

మాత్రల మిషన్ల దగ్గర సూపర్‌వైజర్ వాల్ట్. ఆదివారాలు పిస్టల్ క్లబ్బుకి వెళ్ళేవాడు. ఒకసారి మమ్మల్నిద్దరినీ తీసుకువెళ్ళాడు. మా ఆవిడ సుభద్ర పది గుళ్ళు కాలిస్తే ఎనిమిది నల్ల వృత్తంలో పడ్డాయి. నేను కాల్చిన పదిలో ఒకటి పక్కవాడి కాగితంలో పడింది. ఆ తరువాత నేను పిస్టల్ ముట్టుకోలేదు. ఆవిడ వదలలేదు. యాభై రెండేళ్ళ వయసులో లైసెన్సు కాగితాలన్నీ పూర్తిచేసి సొంతానికి ఒకటి కొనుక్కుంది.

2013లో షాపుల్లో తూటాలు దొరకలేదు. దొరికిన చోట మనిషికి ఒక పెట్టె, అదీ మండిపోయే ధరకి. వాల్ట్ దారి చెప్పాడు. కాల్చాక కింద పడే ఇత్తడి తొడుగులు, అంటే కేసులు, ఏరుకుని ఇంట్లోనే మళ్ళీ నింపుకుంటే ఖర్చు బాగా తగ్గుతుందన్నాడు. చేత్తో నొక్కే ప్రెస్ ఒకటి ఇచ్చి, గరాజ్‌లో బల్లకి తనే బిగించి వెళ్ళాడు. చూడగానే నాకు తెలిసిన యంత్రమే అనిపించింది. అచ్చులా ఉండే డై, దాంట్లోకి దిగి నొక్కే పంచ్, కొలత ప్రకారం పడే పొడి. మాత్ర బదులు తూటా వస్తుంది, అంతే.

పని దశలవారీగా జరుగుతుంది. కాలిన కేసును డైలో నొక్కి పాత ఆకారానికి తేవాలి. దాని అడుగున ప్రైమర్ అనే చిన్న బిళ్ళ బిగించాలి. పిస్టల్ సూది తగిలినప్పుడు నిప్పు పుట్టేది అందులోనే. తరువాత మందుగుండు పౌడర్ పోసి, పైన సీసపు బుల్లెట్ నొక్కాలి. ప్రైమర్ సరిగా పేలకపోతే బుల్లెట్ బారెల్ మధ్యలో ఆగిపోవచ్చు. అది గమనించక ఇంకొకటి కాలిస్తే బారెల్ పగులుతుంది. మా ఇంట్లో ఆ పిస్టల్‌ని పట్టుకునే చెయ్యి సుభద్రది.

అందుచేత ఫ్యాక్టరీలో లాగే ఇంట్లోనూ, ప్రతి విడత తయారీని దశలవారీగా రాసిపెట్టే బ్యాచ్ రికార్డు పెట్టాను. ప్రతి బ్యాచ్‌కి నంబరు ఉండేది. గరాజ్‌కి వేరే చెప్పులు. తయారీ సంతకం నాది, విడుదల సంతకం సుభద్రది. "తలకి టోపీ కూడా పెట్టుకోమంటారా?" అని అడిగింది. పెట్టుకోమన్నాను. పెట్టుకోలేదు.

ఆ శనివారానికి మర్నాడు, ఆదివారం, క్లబ్బు జట్టుకు ఎంపిక. రెండేళ్ళుగా ఆవిడ పేరు రిజర్వులో ఉంది. ఇప్పుడొక స్థానం ఖాళీ అయింది. ఎవరి తూటాలు వాళ్ళే తెచ్చుకోవాలి, మా దగ్గర నింపినవి ఒక్కటీ లేవు. శుక్రవారం సాయంత్రం రెండు వందల ఎనభై కేసులకు ప్రైమర్లు బిగించాను. గరాజ్‌లో చెమ్మగా ఉందని డబ్బాను లాండ్రీ గదిలో పెట్టాను. శనివారం నాకు ఆఫీసులో ఆడిట్. సుభద్ర పిల్లలకు తెలుగు పాఠం చెప్పడానికి వెళ్ళింది. గుడివాడ నుంచి వచ్చి రెండు నెలలుగా మాతో ఉంటున్న మా అత్తగారు ఒక్కరే ఇంట్లో ఉన్నారు.

మధ్యాహ్నం నేను వచ్చేసరికి డబ్బాలో కేసులు ధగధగలాడుతున్నాయి. సుభద్ర గుడ్డతో తుడిచిందనుకున్నాను. నేను తుడిచాననుకుంది సుభద్ర. ఒకరినొకరం అడగలేదు. ఐదు గంటలకల్లా అన్నీ నింపి సంతకం పెట్టాను. విడుదల సంతకానికి సుభద్ర కలం తీసింది. అత్తగారు టీ పట్టుకుని వచ్చారు.

"చూశావుటే, తోమితే ఎలా వచ్చాయో! ఇత్తడిని అంత మసిగా ఉంచుకుంటారుటే ఎవరైనా? ఇంతకీ ఇవి వేటికి, అల్లుడుగారూ? కుందులకైతే మరీ చిన్నవి."

సుభద్ర కలానికి మూత పెట్టింది.

డైనింగ్ టేబుల్ దగ్గర విచారణ జరిపాను. చింతపండు ఎంతసేపు నానింది అంటే, చారుకి నానినంతసేపు అన్నారు. ఉప్పు వేశారా అంటే, ఉప్పు లేకుండా మెరుపు ఎలా వస్తుందన్నారు. ఎన్ని తోమారు అంటే ఆవిడకు కోపం వచ్చింది. "సగం తోమి సగం వదిలేసే అలవాటు మా ఇంటావంటా లేదు." పీచుతో తోమి, మూడు నీళ్ళు పోసి కడిగి, ఇంటి వెనక చెక్క డెక్ మీద పాత నూలు చీర పరిచి, వడియాల్లాగా ఆరబోశారు. మూడు గంటలు మంచి ఎండ. తరువాత వరసలు పేర్చి డబ్బాలో పెట్టారు.

వాల్ట్‌కి ఫోన్ చేశాను. చాలాసేపు నవ్వాడు. తరువాత, ప్రైమర్లు నీళ్ళకి అంత తేలిగ్గా చావవనీ, ఇరవై కాల్చి చూస్తే మిగతావాటి సంగతి తెలిసిపోతుందనీ అన్నాడు. నేను అదే సుభద్రకి చెప్పాను. బాగా ఎండాయన్నాను. చాలావరకు పరవాలేదన్నాను. రేపటి అవకాశం పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో అన్నాను.

"ఈ మాటే వాల్ట్ మాత్రల గురించి అంటే ఏం చేస్తారు మీరు?" అంది.

నేను టీ కప్పు అందుకున్నాను.

"ఇంటికొచ్చి గంటసేపు నా దగ్గర విసుక్కుంటారు. నీళ్ళు ఒక్కోదాంట్లోకి ఒక్కోలా దూరి ఉంటాయి, ఇరవై చూసి మిగతావాటికి ఎవడు పూచీ అంటారు. అవునా?"

విడుదల గడిలో ఎర్ర సిరాతో 'తిరస్కరించడమైనది' అని రాసి, సంతకం చేసి, తేదీ, సమయం వేసింది. ఐదూ ఇరవై. వృత్తిలో అన్నేళ్ళూ తయారీవాళ్ళ నోట విని కొట్టిపారేసిన మాటలన్నీ ఆ పావుగంటలో నేనే అన్నాను.

మర్నాడు క్లబ్బులో ఎంపిక జరుగుతుండగా మేము ముగ్గురం గరాజ్‌లో కూర్చుని ఆ తూటాలు విప్పాం. దానికి ఒక ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది. దాని తలలో తూటాను బిగించి నేలకేసి కొడితే బుల్లెట్, పౌడర్ ఊడి పడతాయి. రెండు వందల ఎనభై సార్లు. అత్తగారు బియ్యంలో రాళ్ళేరినట్టు బుల్లెట్లు ఏరి పక్కన పెట్టారు. చప్పుడు విని పక్కింటి తెలుగాయన వచ్చి, అటుకులు దంచుతున్నారా, మాకూ కాసిని ఇస్తారా అని అడిగాడు.

"నీ పోటీ పాడుచేశానటే?" అన్నారు అత్తగారు.

"నువ్వు కాదమ్మా, ఆయన" అంది సుభద్ర.

అది నిజం. రిపోర్టులో మూలకారణం దగ్గర నేను 'శిక్షణ లేని వ్యక్తి జోక్యం' అని రాశాను. సుభద్ర కొట్టేసింది. మా ఫ్యాక్టరీలో ప్రతి డబ్బాకీ లేబుల్ ఉంటుంది. లోపల ఏముందో, ఏ దశలో ఉందో, ముట్టుకోవచ్చో లేదో రాసి ఉంటుంది. లేబుల్ లేదని ఇతరులను మందలించి జీతం తీసుకున్నవాణ్ణి నేను. నా డబ్బా మీద ఏమీ లేదు. "రాసి పెడితే చదివేదాన్ని కదా అల్లుడుగారూ, నాకు తెలుగొచ్చు" అన్నారు అత్తగారు. 'ఇవి సామాను కాదు. తోమరాదు' అని రాసి అతికించాను. చదివి అర్థం చేసుకున్నట్టు ఆవిడ చేత సంతకం కూడా తీసుకున్నాను. సంతకం కింద సమయం కూడా వెయ్యాలి కదా అని ఆవిడే గుర్తుచేశారు.

జట్టులో స్థానం వేరొకావిడకి వెళ్ళింది. సుభద్రకి మళ్ళీ అవకాశం రాలేదు.

విప్పగా మిగిలిన కేసుల్లో ప్రైమర్లు అలాగే ఉన్నాయి. వాల్ట్ వాటిని క్లబ్బుకి తీసుకువెళ్ళి, ఉత్త కేసులనే ఒక్కొక్కటిగా పిస్టల్‌లో పెట్టి పేల్చాడు. రెండు వందల ఎనభై పేలాయి. ఒక్కటీ తప్పలేదు. ఈ సంగతి సుభద్రకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతోంది. "అయితే అమ్మ బాగానే ఆరబెట్టింది" అంది.

నేర్చుకున్నది ఇది. నిర్ణయం సరైనదా కాదా అన్నది, తీసుకునే రోజున ఏం తెలుసో దాన్నిబట్టే చూడాలి. తరువాత తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఆ తరువాత కూడా, రిటైరయ్యేదాకా, చాలా బ్యాచ్‌లు తిరస్కరించాను. కాని తయారీవాళ్ళు చెప్పేది చివరిదాకా విన్నాను.

సుభద్ర పోయి ఆరేళ్ళయింది. ప్రెస్ ఇంకా గరాజ్‌లో బల్లకి బిగించే ఉంది. చివరి బ్యాచ్ రికార్డులో నా సంతకం ఉంది. విడుదల గడి ఖాళీ. ఆ తూటాలు విప్పేశాను. చేసినవాడే పాస్ చెయ్యకూడదు. మా ఇంట్లో ఇప్పుడు తూటాలు నింపడం లేదు.