కుండలో పడిన కండెలు

మా ఊళ్ళో అసలు ఎన్నిక ఎప్పుడూ ఎన్నికకు ముందే అయిపోయేది. జిల్లా బోర్డుకు నిలబడే మనిషి పేరు పార్టీ తరఫున ఖాయమైందంటే, ఆ తర్వాత జరిగే ఓట్ల తతంగం పెళ్ళయిన ఇంట్లో పందిరి విప్పడం లాంటిది. జనం వస్తారు, తాళ్ళు విప్పుతారు, పోతారు. పెళ్ళికొడుకు మాత్రం మారడు. అందుకే ఆ పేరు ఎవరు ఖాయం చేయాలి, ఎట్లా చేయాలి అన్నదే మాకు పెద్ద గొడవ. ఇది తెల్లదొరలు ఇంకా ఉన్న కాలం నాటి మాట.

మాది గండికోట కొండలకు తూర్పున, మగ్గాల చప్పుడుతో తెల్లవారే ఊరు. నేను కూడికల దాకా చదివాను. తీసివేతలు మొదలయ్యేసరికి మా నాయన నన్నే బడిలోంచి తీసివేసి మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. కాబట్టి రాజకీయాల గురించి నేను చెప్పేదంతా గుంటలో కూర్చుని చూసిందే. అక్కడి నుంచి మనుషుల కాళ్ళు బాగా కనిపిస్తాయి. ఎవరు ఎవరింటి వైపు నడుస్తున్నారో తెలియడానికి అంతకంటే ఏం కావాలి?

మాకు నూలు ఇచ్చేది ఒక సావుకారు. సోమవారం ఆయన కొట్లో నూలు పడితేనే మంగళవారం మా వీధిలో మగ్గం కదిలేది. చెడ్డవాడని అనలేను. కరువు ఏట జొన్నలు తెప్పించి వీధినంతా బతికించాడు. అయితే ఆయనకు కోపం వచ్చిన ఇంటికి మాత్రం నూలు ‘ఇంకా రాలేదప్పా’ అనేవాడు. పక్కింటికి వచ్చేది, వీళ్ళింటికి వచ్చేది కాదు. అంతే. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు.

ఆ ఏడు బోర్డుకు నిలబడాలని మా మామకు బుద్ధి పుట్టింది. ఆయన నాకు మేనమామ, నా భార్యకు తండ్రి. తల నెరిసిన నేతగాడు. నేతగాళ్ళు తామే కలిసి నూలు తెప్పించుకునే సంఘం ఒకటి పెట్టించాలని ఆయన కోరిక. అది బోర్డులో కూర్చుంటే గానీ కుదరదని ఎవరో చెప్పారు. సావుకారు కూడా నిలబడతానన్నాడు. ఎందుకు నిలబడ్డాడో వేరే చెప్పనక్కర లేదు.

అంతకుముందు మా పద్ధతి చాలా సులువు. పార్టీలో పేరున్న వాళ్ళంతా సత్రం అరుగు మీద చేరేవాళ్ళం. సావుకారు మంచం మీద కూర్చుని, “మీరు ఎవరంటే వాళ్ళేనప్పా, నాదేముండాది” అనేవాడు. మేము ఆయన పేరో, ఆయన చూసిన వైపు కూర్చున్న మనిషి పేరో చెప్పేవాళ్ళం. పెన్న అవతలి పల్లెల్లో రైతుల తీరు వేరు. పెద్ద రైతు లోగిలిలో భోజనాలు పెడితే, ఎవరి పంక్తిలో ఎక్కువమంది కూర్చున్నారో వాళ్ళే మనిషి. కర్నూలు వైపు ఒక ఊళ్ళో గట్టిగా అరిచిన వాళ్ళదే గెలుపని విన్నాను. ఆ లెక్కన మా అత్త ఎప్పుడో బోర్డు ప్రెసిడెంటు కావలసింది.

ఇట్లా ఊరికొక తీరుగా ఉండడం పై వాళ్ళకు నచ్చలేదు. దేశమంతటికీ ఒకటే రూలని కాగితం వచ్చింది. దాన్ని పట్టుకుని కడప నుంచి ఒక ప్లీడరు గారు బస్సులో దిగాడు. దుమ్ము తుడుచుకుని సత్రంలో నిలబడి చదివాడు. అందులో మాకు పనికొచ్చేవి రెండే ముక్కలు. ఒకటి, చేతులెత్తి ఎన్నుకోకూడదు, ఎవరు ఎవరికి వేశారో తెలియకుండా రహస్యంగా వేయాలి. రెండు, రోజూ చేతితో వడికిన నూలు బట్ట, అంటే ఖద్దరు, కట్టేవాళ్ళకే ఓటు.

మొదటి ముక్కకు మా మామ కళ్ళు మెరిశాయి. రెండో ముక్కకు వీధంతా తమ పంచెల వైపు చూసుకుంది.

మేము నేసేది మిల్లు నూలు. చేతి నూలుతో మా సన్న చీరలు దిగవు, పోగు తెగుతుంది. నేసినదాంట్లో మిగిలిన ముక్కే మేము కట్టుకునేది. దేశానికంతా బట్ట నేసే మనుషులం, దేశం కోసం కట్టవలసిన బట్ట మాత్రం మా దగ్గర లేదు. ఇంక ఆ మిల్లు నూలు అమ్మే సావుకారు ఒంటి మీద అప్పుడే కుట్టించిన ఖద్దరు చొక్కా తళతళలాడుతోంది.

“సామీ, ఈ రూలు రాసినోళ్ళు మగ్గం చూసినారా?” అని మామ అడిగాడు.

“ఊరికొక రూలు పెడితే పార్టీ ఏమవుతుందయ్యా?” అన్నాడు ప్లీడరు. తర్వాత కొంచెం మెత్తబడి, “అమెరికా అనే దేశంలో ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరుగా మనిషిని ఎంచుకుంటుందట. కొన్నిచోట్ల పెద్ద మనుషులు గదిలో కూర్చుని తేలుస్తారు, కొన్నిచోట్ల జనమే ఓట్లు వేస్తారు. ఆ గందరగోళం మనకెందుకని ఒకే కాగితం చేశారు” అన్నాడు.

“ఆ గదిలో మంచం ఉండాదా సామీ?” అన్నాను నేను. మా సావుకారు తప్ప అందరూ నవ్వారు.

రెండో రూలుకు మేము మందు కనిపెట్టాం. వీధిలో మామది కాక ఖద్దరు కండువాలు కొన్నే ఉన్నాయి. ఓటు వేసి వచ్చినవాడు అరుగు దిగి కండువా తీసి వెనక వాడి భుజం మీద వేయాలి. ప్లీడరు మంచివాడు, మొదట చూడనట్టే ఊరుకున్నాడు. ఒక కండువాకు అంచున పసుపు మరక ఉంది. అది నాలుగోసారి ఎదురుగా వచ్చినప్పుడు మాత్రం ఉండబట్టలేక, “ఈ కండువాకు ఈ ఊళ్ళో ఎన్ని ఓట్లున్నాయయ్యా?” అన్నాడు. ఆ కండువా అప్పుడు నా భుజం మీదే ఉంది. “దీనికి బంధుబలం శానా సామీ” అన్నాను. నవ్వాపుకుంటూ లోపలికి పొమ్మన్నాడు.

రహస్యానికి మాత్రం అంతకుముందే రాత అడ్డం వచ్చింది. చీటీ మీద పేరు రాయమంటే మాలో రాసేవాళ్ళు తక్కువ. గదిలో రెండు కుండలు పెడదాం, ఒకదానికి కుంకుమ బొట్టు మామకు, ఒకదానికి సున్నం బొట్టు సావుకారుకు, మనిషికొకటి ఏదైనా తెచ్చి వేయండి, అందరూ ఒకే వస్తువు తేవాలి అన్నాడు ప్లీడరు. ఒకే వస్తువంటే మా వీధిలో ఇంటింటా దొరికేది కండె. అడ్డంగా నేసే పేక నూలు చుట్టిన చిన్న పుల్ల, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టేది. “కండె, కండె” అన్నారు అందరూ. ఎవరికీ మరో ఆలోచన రాలేదు. చేప నీళ్ళ గురించి ఆలోచించదు కదా, మేమూ అంతే.

ఇంటికి పోయి గంపలోంచి కండె తీసుకుంటుంటే నా భార్య చూసింది.

“ఎవరికి ఏస్తావు?”

“అది రహస్యమే. పైనోళ్ళ రూలు.”

“నేను చుట్టిన కండె పట్టుకపోతా నాకే రహస్యమా?” అని నవ్వింది.

ఆమె నవ్వులో ఏముందో నాకు సత్రం చేరాక గానీ అర్థం కాలేదు. 

ఒక్కొక్కరే లోపలికి పోయి వేసి వచ్చాం. ప్లీడరు రెండు కుండలూ చాప మీదికి తెచ్చి, విడివిడిగా రెండు కుప్పలు పోశాడు. మామ కుప్ప పెద్దదని లెక్కపెట్టకుండానే తెలుస్తోంది. నాకు ఈల వేయాలనిపించింది. కానీ మిగతావాళ్ళ చూపు వేరే చోట ఉంది. ఎవరూ కుప్పల పెద్దాచిన్నా చూడడం లేదు, కండెలను చూస్తున్నారు.

కండెలు చుట్టేది మా ఆడవాళ్ళు. ఒకరు నడుము దగ్గర బిగించి చుడతారు. ఒకరు కొస దాకా వదులుగా పోనిస్తారు. నా భార్య చివరి చుట్టును అడ్డంగా లాగి ముడి లోపలికి తోస్తుంది. ఎవరి చెయ్యి ఏదో చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాళ్ళం. అవి కుండలో పడ్డ కండెలు కావు, మనుషుల మొహాలు. ఆ కుప్పల్లో వీధి వీధంతా కూర్చుని ఉంది, ఎవరు ఎటు కూర్చున్నారో కనిపిస్తూ.

ప్లీడరుకు ఏమీ తెలియదు. ఒకటీ రెండూ అంటూ లెక్క మొదలుపెట్టాడు. సావుకారుకు అంతా తెలుసు. మా నూలు మధ్య పెరిగినవాడు. ఆయన మెల్లగా ముందుకు వంగి, మామ కుప్పలోంచి ఒక కండె తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. మా వీధి చివర ఇంట్లో ఉండే ఒక ముసలాయన వైపు తిరిగాడు.

“ఏమప్పా, మీ కోడలు శానా గట్టిగా చుడతాదే” అన్నాడు, పెళ్ళిలో పలకరించినట్టు.

ముసలాయన వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. ఆ ఇంట్లో ఒకటే మగ్గం. అది నిలిస్తే అందరూ నిలిచిపోతారు.

మామ లేచాడు. “అది నాది” అన్నాడు. “మా ఇంట్లో కండెలు అయిపోతే పొద్దున వాళ్ళింట్లో అడిగి తెచ్చుకుంటి. నా ఓటు నేనేసుకుంటే తప్పా సావుకారూ?”

సావుకారు కండె కింద పెట్టి, ఇంకోదాని కోసం చెయ్యి చాచాడు. అప్పుడు మామ చాప అంచు పట్టుకుని ఒక్కసారి ఎత్తాడు. రెండు కుప్పలూ దొర్లి కలిసిపోయాయి. అది చాలక మోకాళ్ళ మీద కూర్చుని, పిండి కలిపినట్టు రెండు చేతులతో కలిపాడు.

ప్లీడరు అదిరిపడ్డాడు. “ఏం పనయ్యా ఇది? నీదే గెలుపు కదా!”

“గెలుపు యాడుండాది సామీ” అన్నాడు మామ, కలపడం ఆపకుండా. “రహస్యమని రాసుకొస్తిరి. ఈడ ప్రతి కండెకూ ఇంటి పేరుండాది. మళ్ళా పెట్టండి. ఎవురూ చుట్టనిది ఏదన్నా తెప్పించండి.”

ప్లీడరు ఒక కండె తీసి చూశాడు, ఇంకోటి తీసి చూశాడు. ఆయనకు రెండూ ఒకటే. కానీ ముసలాయన మొహం చూశాక నమ్మాడు. కాగితం తెరిచి, “రహస్యం చెడితే ఎన్నిక చెల్లదు” అని పైకి చదివాడు. సత్రంలో గాలి ఆడినట్టయింది.

“సరే” అన్నాడు సావుకారు. “రూలు రూలే. అయితే రెండో రూలు కూడా చదవండి ప్లీడరు గారూ. ఆ పసుపు మరక కండువా ఈ పొద్దు ఎంతమంది భుజాలెక్కిందో నేనూ చూస్తాండా.”

ప్లీడరు కాగితంలో రెండో ముక్క మళ్ళీ చదివాడు. ఒక ముక్కను పట్టుకుని రెండో ముక్కను వదిలేయడం ఆయనకు సాధ్యం కాలేదు. ఈసారి సొంత ఖద్దరు ఉన్నవాళ్ళే లోపలికి రావాలన్నాడు. మామ పక్క మనుషుల్లో నలుగురైదుగురు మిగిలారు. మేమంతా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాం. బట్ట లేక బయట కూర్చున్న నేతగాళ్ళం.

“మిల్లు నూలు అమ్మినోళ్ళు లోపల, నేసినోళ్ళు బయట. కట్టుకునేటోళ్ళను యాడ పెడతారో” అన్నాను. ఎవరూ నవ్వలేదు. అప్పుడప్పుడూ నా మాటలకు అట్లాంటి గతి పడుతుంది.

ఈసారి సత్రం వంటింట్లోంచి చింతపిక్కలు తెచ్చారు. నున్నగా, నల్లగా, అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. గుమ్మంలోంచి మేము చూస్తున్నాం. లోపల ఉన్నది చాలావరకు సావుకారు బంధువులు, కొట్ల వాళ్ళు, ఆయనతో బేరాలున్నవాళ్ళు. మామ ఓడిపోతాడని ముందే తెలుసు. ఓడిపోయాడు కూడా. బోర్డుకు నిలబడాలన్నది ఆయన జీవితంలో ఒక్కసారే పుట్టిన కోరిక. సంఘం మాట మళ్ళీ ఎత్తడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కానీ కుంకుమ బొట్టు కుండలో పిక్కలు పోసినప్పుడు, లోపల మామ మనుషులు ఎంతమందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్న నాకు, ఆ లెక్క కంటే పిక్కలు ఎక్కువగా కనిపించాయి. సావుకారుకూ అట్లాగే కనిపించి ఉండాలి. గెలిచినవాడు నవ్వాలి కదా, నవ్వలేదు. ఒక పిక్కను తీసి వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. తన వాళ్ళ మొహాల వైపు చూశాడు. వాళ్ళంతా ఖద్దరు సర్దుకుంటున్నారు. పిక్క ఏమీ చెప్పలేదు.

బస్సు దగ్గరికి ప్లీడరును సాగనంపడానికి నేనూ మామా పోయాం. ప్లీడరు గారు మొహమాటంగా, “రూలు తప్పంటావా?” అని మామనే అడిగాడు.

“రెండూ ఒకే కాగితంలో వస్తిరి సామీ. ఒకటి మా బతుకు కాపాడె, ఒకటి మమ్మల్ని అరుగెక్కించె” అన్నాడు మామ. “దేశానికంతా ఒకటే రూలుంటే నాకేం కోపం లేదు. అది లేకపోతే మాకు సావుకారు మంచమే రూలు. అయితే రాసేముందు మా వీధికి ఒకపారి రమ్మనండి. మగ్గం గుంటలో కూసోబెట్టి చూపిస్తా.”

రాస్తానన్నాడు ప్లీడరు. రాశాడో లేదో తెలియదు. మా గుంటలోకి ఎవరూ దిగలేదు.

నాకు ఇప్పటికీ ఇది తేలలేదు. దగ్గరి మనిషికి మన సంగతి తెలుసు, అందుకే అతని పద్ధతి మనకు సరిపోతుందంటారు. సావుకారు కంటే మాకు దగ్గరివాడు ఎవరు? మా కోడళ్ళ చేతి తీరు కూడా తెలిసినంత దగ్గర. దూరపువాడికి ఏమీ తెలియదు కాబట్టి ముసలాయన కండె ఆయనకు ఉత్త కండె. ఆ తెలియనితనమే ఆ పూట మాకు నీడైంది. అదే తెలియనితనం నా పంచెను చూసి, నీకు ఓటు లేదు పొమ్మంది.

ఇంటికి పోతే నా భార్య గడపలో నిలబడి ఉంది. వార్త ఆమెకు ముందే చేరింది.

“మా నాయన గెలిచిందాన్ని చేతులారా కలిపేసినాడంట గదా.”

“నీ ముడి చూసి భయపడ్డాడు” అన్నాను.

ఆమె లోపలికి పోయి గంప ముందు కూర్చుని కండెలు చుట్టసాగింది. చివరి చుట్టు అడ్డంగా లాగి, ముడి లోపలికి తోసింది.

సోమవారం వచ్చింది. సావుకారు కొట్టు ముందు మామూలుగానే వరసలో నిలబడ్డాం. వీధి చివర ముసలాయన నా ముందు నిలబడ్డాడు. ఆయన వంతు రాగానే నేను సావుకారు మొహం చూడకుండా ఆయన చేతినే చూశాను. ఆ చెయ్యి కాసేపు గల్లాపెట్టె మీద ఆగింది. తర్వాత పక్కకు పోయి, నూలు చుట్ట తీసి, ముసలాయన సంచిలో వేసింది. మామ మాట నమ్మాడో, తన వాళ్ళ చింతపిక్కలు గుర్తొచ్చాయో తెలియదు గానీ, ఆ వారం మా వీధిలో ఏ ఇంటికీ నూలు రాకుండా పోలేదు.

మామ అందరికంటే వెనక నిలబడ్డాడు. ఆయనకూ ఇచ్చాడు.

“ఇంకొక చుట్ట ఎక్కువ తీస్కో” అన్నాడు సావుకారు. “కండెలకు ఊరంతా తిరిగి అడుక్కుంటాండావంట గదా.”

“అవునప్పా” అన్నాడు మామ, సంచి పట్టుకుంటూ. “ఎవురింట్లో దొరికితే వాళ్ళింట్లో.”