అసలు పోయి కొసరు మిగిలిన కథ

నెలకు పదహారు వందలు మిగిల్చిన మొనగాణ్ణి నేను. ఏఐతో బొమ్మలు గీసే సైటుకు చందా కట్టమంటే, సూర్యాపేటలో నాన్న బట్టల కొట్టు గల్లా పక్కన పెరిగిన నాలాంటివాడు కడతాడా? ఐదు ఈమెయిళ్లతో ఐదు ఉచిత ఖాతాలు తెరిచాను. ఒకదాంట్లో ఆ రోజు వాటా అయిపోతే ఇంకోదాంట్లోకి దూకేవాణ్ణి. నాకంటే తెలివైనవాడు బజార్లో లేడని ఎనిమిది నెలలు నమ్మాను.

నాది ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు, ప్యాకెట్ కవర్లు డిజైన్ చేసే చిన్న దుకాణం. ఆ సైటు ఒకసారి అడిగితే నాలుగు బొమ్మలిస్తుంది. మొదటిదే నచ్చినా నేను ఆగను. తూకం వేశాక గుప్పెడు కొసరు వేయించుకోకుండా కొట్టు దిగే వంశం కాదు మాది. ఇంకో నాలుగు, ఇంకో నాలుగు అని నొక్కి, వచ్చినవన్నీ దించుకునేవాణ్ణి. ఒక్కో ఫైలుకు సైటు పెట్టే పేరు గజం పొడవున్న అంకెల దండ. దాన్ని చూసి లోపల దేవుడి బొమ్మ ఉందో, కోడిపుంజు ఉందో ఎవరూ చెప్పలేరు. కంప్యూటర్లో అట్లాంటివి మూడు వేలు దాటాయి.

అప్పుడు కోదాడ నుంచి ఒక అక్క వచ్చింది. పన్నెండేళ్లు ఎవరిదో మిఠాయి కొట్టులో సకినాలు చుట్టి, ఇప్పుడు సొంతంగా ప్యాకెట్లు అమ్మబోతున్నది. మిర్యాలగూడలో రెండు కిరాణా కొట్లవాళ్లు ఐదు వారాల తర్వాత వచ్చే సోమవారానికి తెస్తే పెట్టుకుంటామన్నారు. ఆ రోజు దాటితే ఆ అర వేరేవాళ్ల మురుకులకు పోతుంది.

సకినం అంటే ఏమిటో ఆ సైటుకు తెలియదు. ఒకసారి జాంగ్రీ చుట్టింది. ఒకసారి గారెకు రెండు చిల్లులు పెట్టింది. ఇంకోసారి నువ్వులు చల్లిన సైకిల్ టైరు ఇచ్చింది. ఎన్ని కొసర్ల తర్వాతో ఒకటి కుదిరింది. తెల్ల గుడ్డ మీద పిండి చుడుతున్న చెయ్యి, వేళ్లు ఐదే. వాట్సాప్‌లో పంపగానే ఆమె ఫోన్ చేసింది.

"మా అమ్మ చెయ్యిలాగే ఉంది తమ్ముడూ. ఇదే ఉండాలి."

కవరు మీది రాతలన్నీ తేలి అచ్చుకు పంపేసరికి నాలుగు వారాలు పట్టింది. ఆ సోమవారానికి ముందు గురువారం, మిర్యాలగూడలో కవర్లు అచ్చు వేసేవాయన ఫోన్ చేశాడు. నేను పంపింది వాట్సాప్‌లో చిక్కిపోయిన బొమ్మట, అచ్చులో మసకబారుతుందట. శుక్రవారం సాయంత్రంలోగా అసలు ఫైలు పంపితేనే సోమవారానికి కవర్లు.

అసలు ఎక్కడుంది? నా మూడు వేలలో లేదు. ఏ ఖాతాలో చేశానో గుర్తు లేదు. సైటులో వెతికే పెట్టె లేదు. వేలు నొప్పిపుట్టేదాకా కిందికి జరిపి, ఒక బొమ్మ తెరిచి వెనక్కి వస్తే మళ్లీ మొదటికే తెస్తుంది. పైగా ఉచిత ఖాతాల్లో ముప్పై రోజులకు బొమ్మలు చెరిపేస్తారు. అవే మాటలు రాసి మళ్లీ అడిగితే వేరే చెయ్యి వచ్చింది. దానికి ఆరు వేళ్లు.

సంగతి అక్కకు ఫోన్లో చెప్పాను. శుక్రవారం పొద్దున్నే ఆమె బస్సు దిగి దుకాణానికి వచ్చింది. దీనికంటే మంచి బొమ్మ సగం ధరకే చేసిస్తానని బేరం మొదలుపెట్టాను.

"బేరాలు తర్వాత. పోయిందా, ఉందా?"

"ఉంటది అక్కా. ఏడున్నదో తెల్వది."

"అంటే పోలేదుగా." కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏ మెయిల్లో ఎవరి పని చేశావో రాసుకోలేదా? కొట్లో పెరిగానంటావు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మా నాన్న బట్టల తానుకు చీటీ గుచ్చకుండా అరలో పెట్టనిచ్చేవాడు కాదు. "సీటీ లేని తాను ఉన్నా లేనట్టే బిడ్డా," అనేవాడు. నేను చీటీ లేని తానులు మూడు వేలు పోగేసి, కొట్టు పెద్దదైందని మురిశాను.

ఒక్కో ఖాతా తెరిచి ఆమె ముందు పెట్టాను. చిన్న చిన్న బొమ్మల్లో అన్నీ నాకు ఒకేలా కనిపించాయి. ఆమె మాత్రం వేళ్లు చూడలేదు, చెయ్యీ చూడలేదు. చివరి చుట్టు కొస అతికించకుండా వదిలిన సకినం కోసం చూస్తున్నానన్నది. వాళ్లమ్మ అట్లాగే వదిలేదట. మూడో ఖాతాలో, మధ్యాహ్నం కాకముందే, వేలు పెట్టి చూపింది. చెరిపేయడానికి ఇంకా రెండు రోజులున్నాయి. ఊరికే వచ్చినవన్నీ దించుకున్న నేను, ఆ ఒక్కదాన్ని ఫోన్లోంచే పంపేసి దించడం మరిచానని అప్పుడు తెలిసింది.

ఫైలుకు పేరు ఆమే చెప్పింది: కోదాడ సకినాలు, అసలు. అది మిర్యాలగూడకు పోయింది. సోమవారం కవర్లు అరల్లోకి ఎక్కాయి. మరుసటి వారం ఆమె ఇంకో రెండు వేల కవర్లు చెప్పింది.

నేనూ చందా కట్టాను, ఒక్క ఖాతాకే. ఇప్పుడు ఒక్కో గిరాకీకి ఒక్కో ఫోల్డర్, దాంట్లో అసలు వేరు, కొసరు వేరు. నెలాఖరున కొసరు చెరిపేస్తాను. ఒంట్లోంచి ఏదో తీసినట్టే ఉంటుంది, అయినా చెరిపేస్తాను.

ఇక లెక్క. ఎనిమిది నెలల చందా మిగులు పన్నెండు వేల ఎనిమిది వందలు. కొసరు పట్టక కొన్న హార్డ్ డిస్కు నాలుగు వేల ఐదు వందలు. తప్పు బొమ్మ అచ్చుకు పోయి మళ్లీ కొట్టించిన రెండు ఫ్లెక్సీలు పంతొమ్మిది వందలు. బొమ్మ దొరక్క చేజారిన పెళ్లి కార్డుల పని ఆరు వేలు. బస్సు చార్జీకీ పోయిన రోజుకీ అక్క బిల్లులో, ఆమె అడగకుండానే, నేను తగ్గించింది ఐదు వందలు. నష్టం వంద. ఆమె ఊరికే ఇచ్చిన సకినాల ప్యాకెట్టు ఖరీదు అరవై. అది జమ వేస్తే నలభైకి దిగేది. కానీ కొసరును లెక్కలో కలపడం మానేశానుగా. వందే రాశాను.