రివర్సు గేరులో ధర్మవరం

1961 మార్చిలో నాకు ఫిట్టరు నుంచి హెడ్ మేస్త్రిగా పైమెట్టు ఇచ్చి హిందూపురం వర్క్‌షాపుకు వేశారు. మాది ఒక ప్రైవేటు బస్సు సర్వీసు. ఆనాటి వర్క్‌షాపుల్లో అందరికంటే కింద క్లీనరు, అతని పైన హెల్పరు, ఆ పైన ఫిట్టరు, ఫిట్టర్లకు పెద్ద హెడ్ మేస్త్రి, అందరి మీదా ఫోర్‌మన్. మా ఫోర్‌మన్ అనంతపురంలో ఉండి నెలకు ఒకటి రెండుసార్లు వచ్చి పోయేవాడు. మిగతా రోజుల్లో హిందూపురంలో నా మాటకు ఎదురు లేదు. ముప్పై నిండకుండానే అంత పెత్తనం దొరికితే మనిషికి కళ్లు నెత్తికెక్కుతాయి. నాకూ ఎక్కాయి.

బస్సుల పని తెరిపి ఇచ్చినప్పుడు బయటి కార్లు చేసుకోవడానికి యజమాని ఒప్పుకునేవాడు. దిగుమతులు బిగిసిపోయిన కాలమది. చిన్న విలాయతి కార్లకు విడిభాగాలు దొరికేవి కావు. కారు ఎంత నుగ్గయినా ఎవరూ పారేసేవాళ్లు కాదు. బెంగళూరు గుజరీలో, అంటే పాత ఇనుము అమ్మే బజారులో, ఒక బండి ఇంజను, ఇంకో బండి ఇరుసు ఏరుకొచ్చి అతికించి నడిపించుకునేవాళ్లు. ఈ అతుకుల పనిలో నాకు మంచి పేరు. ఆ పేరు నాకంటే ఎక్కువగా ఇంకెవరూ చెప్పుకోలేదనుకోండి, అది వేరే మాట.

ఆ వేసవిలో ధర్మవరం నుంచి నాగరత్నమ్మ అనే ఆమె వచ్చింది. వెంట తమ్ముడు రామాంజులు, భర్తకు అన్న అయిన బావగారు నారాయణప్ప. ఆమె భర్త ధర్మవరం రైల్వే స్టేషను దగ్గర బాడుగ కారు తోలేవాడు. పట్టుచీరలు కొనడానికి వచ్చే వర్తకులు అతని గిరాకీ. పెనుకొండ కొండ కింద మలుపులో ఎద్దులబండిని తప్పించబోయి కల్వర్టు గోడకు కొట్టుకుని చనిపోయాడు. ఆ కారును ఇప్పుడు రెండు ఎద్దులబండ్ల మీద వేసుకొచ్చారు. ఇంజను దిమ్మ పగిలింది, వెనక ఇరుసు వంగింది, పైడొప్ప మాత్రం సుత్తెకు లొంగేటట్టే ఉంది.

ఇంట్లో పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారట. బండి మళ్లీ నడిస్తే రామాంజులు తోలాలి, ఆ బాడుగ మీద ఆమె ధర్మవరంలోనే తన ఇంట్లో ఉండాలి. నడవకపోతే చిలమత్తూరులో బావగారి ఇంటికి పోవాలి. నారాయణప్ప మంచివాడు. వేరుశనగ చేలు, గొర్రెలు, నిండు సంసారం. ఆమె మాత్రం నాతో పక్కకు వచ్చి చెప్పింది.

"మా బావ దేవునట్లా మనిషే. కానీ పెట్టింది తిని చెప్పింది చేసే బతుకు నాకొద్దు మేస్త్రీ. ఈ బండి నడవల్ల."

"నడిపిస్తానమ్మా, చూస్తాండు" అన్నాను.

ఇంజను మార్పిడిలో ఇంజను ఎత్తి పెట్టడం చిన్న పని. అది కూర్చునే కాళ్లు కొత్తగా కొట్టించాలి. ఇంజనుకూ పాత గేరుబాక్సుకూ మధ్య మందపాటి రేకు కోయించి, రెండింటి నడిమధ్యా వెంట్రుకవాసి తేడా లేకుండా కలపాలి. వెనక ఇరుసు దాకా పోయే పొడుగు షాఫ్టును కోసి, అతికించి, లేతు మీద సరిచూడాలి. అవన్నీ చేశాను, బాగా చేశాను. ఇరుసు దగ్గరే తలనొప్పి వచ్చింది. గుజరీలో దొరికిన ఇరుసు ఇంకో బండిది. దానికి కమాన్లు, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, కూర్చునే గద్దెలు కిందివైపు ఉన్నాయి, మా బండికి పైవైపు ఉండాలి. ఇనుప దిమ్మెలు కొట్టించి ఎత్తు సర్దుకోవడం సరైన పద్ధతి. అంత ఓపిక లేక, ఇరుసునే తిరగేసి బిగించాను. గద్దెలు పైకొచ్చాయి, కమాన్లు చక్కగా కూర్చున్నాయి. ఆయిలు దించే బిరడా కూడా పైకొచ్చింది. "ఇకమీదట ఆయిలు ఇందులోనే పోద్దాంలే" అని ఫిట్టర్లతో నవ్వాను. ఆ బిరడా నా మొహానికే ఎదురుగా ఉండి చెప్పినా నాకు వినబడలేదు.

బండి బయటికి ఇచ్చే ముందు వెనక చక్రాలు జాకీ మీద ఎత్తి, గేరు వేసి తిప్పి చూడడం నియమం. అదీ చేశాను. చప్పుడు విన్నాను, వణుకు చూశాను. చక్రాలు తిరిగాయి. ఎటు తిరుగుతున్నాయో చూడలేదు.

శుక్రవారం పూజ పెట్టుకున్నారు. వర్క్‌షాపు ఆవరణలో కారును తోసుకొచ్చి వీధి వైపు మొహం చేసి నిలిపి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టారు. నారాయణప్ప గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టాడు. భర్త పోయిన ఆమె శుభకార్యంలో ముందుకు రాకూడదని, నాగరత్నమ్మ కారు వెనకాల సామాన్ల గది గోడకు ఆనుకుని నిలబడింది. బజారు జనమంతా గేటు దగ్గర మూగారు. రామాంజులు ఒకటో గేరు వేసి క్లచ్చు వదిలాడు. కారు వెనక్కి దూకింది. భయపడి వాడు ఇంకా తొక్కాడు. బ్రేకు దొరికేసరికి కారు గోడకు మూరెడు దూరంలో, నాగరత్నమ్మ చీర కుచ్చెళ్లకు తగిలేటట్టు వచ్చి ఆగింది. నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

గేటు దగ్గర ఒక ముసలాయన అన్నాడు, "మొగుడు పెండ్లాన్ని తీసకపోను వచ్చినాడప్పా."

ఆ మాట నా చెవిన పడేసరికే నాకు విషయం అర్థమైపోయింది. ఇరుసు నడుమ పెట్టెలో పెద్ద పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని క్రౌను అంటాం. ఇరుసును తిరగేస్తే క్రౌను ఎడమ పక్క నుంచి కుడి పక్కకు పోతుంది. ఇంజను ఎప్పటిలాగే తిరుగుతుంది, చక్రాలు మాత్రం ఎదురు తిరుగుతాయి. అంటే ముందుకు పోయే మూడు గేర్లూ బండిని వెనక్కి తోస్తాయి, ఒక్క రివర్సు గేరే ముందుకు తీసుకుపోతుంది. హెల్పరుకు కూడా నేర్పే పాఠం అది. నేనే ఎంతమందికో నేర్పాను.

నోరు తెరిచి అప్పుడే చెప్పవలసింది. నారాయణప్ప నా దగ్గరికి వచ్చి, "నువ్వేం చేస్తావులే మేస్త్రీ. పోయినోనికి ఇష్టం ల్యా" అని నా భుజం తట్టాడు. ఆ ఊళ్లో నా పేరు, నా కొత్త పదవి, గేటు దగ్గరి జనం అన్నీ కళ్ల ముందు మెదిలాయి. తల ఊపాను. నా తప్పును ఒక చనిపోయిన మనిషి మోస్తానంటే, మొయ్యనిచ్చాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. కారును పాత ఇనుము కింద అమ్మేయడానికి నారాయణప్ప బెంగళూరు గుజరీవాడికి కబురు పెట్టాడని తెలిసింది. ఆ మధ్యాహ్నం నాగరత్నమ్మ తమ్ముణ్ని వెంటబెట్టుకుని వర్క్‌షాపుకు వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నిన్నొకటి అడగల్ల మేస్త్రీ. నిజం చెప్పు. పోయిన ఆయప్ప నన్ను ఎప్పుడూ ఒక మాట అన్నోడు కాదు. నేను ఆయన బండి మీద బతకడం ఆయనకే గిట్టల్యా?"

బండి సంగతి కాదు ఆమె అడిగింది. ఆ నాలుగు రోజులూ ఆమె ఏం ఆలోచిస్తూ గడిపిందో నాకు అప్పుడు తెలిసింది. "ఆయన కాదమ్మా, నేనే. ఇరుసు తలకిందులు బిగించినా" అన్నాను.

ఆమె నమ్మలేదు. "జాలిపడి చెప్తాండావు. ఇంత పెద్ద మేస్త్రివి, అట్ల ఎందుకు చేస్తావు?"

నా గొప్పలు నాకే అడ్డం వచ్చాయి. మాటలతో పని కాదని కారెక్కి రివర్సు గేరు వేశాను. కారు ముందుకు పోయింది. ఒకటో గేరు వేశాను, వెనక్కి వచ్చింది. రెండుసార్లు చేసి చూపించాను.

"సాయంత్రానికి సరిచేసి, ధర్మవరం నేనే తోలుకొచ్చి అందరికీ చెప్తా" అన్నాను.

"సరిచేసినంక ఏం చూపిస్తావు? శాంతి చేసినారు, దయ్యం దిగిపోయింది అంటారు. ఎవురూ ఎక్కరు. ఉండేది ఉన్నట్టే తోలుకోనిరా. స్టేషన్ కాడ, మా బావ ముందర చూపీ."

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం యాభై మైళ్ల దారి. రివర్సు గేరు వర్క్‌షాపు గేటు దాటడానికి పెట్టిన గేరు. అంతదూరం అందులో పోతే కారు పరుగెత్తదు, దేకుతుంది. పైగా ఊరంతా వినేటట్టు గీపెడుతుంది. అయినా కాదనే మొహం నాకు లేదు. కమ్మరి దగ్గర ఇనుప దిమ్మెలు కొట్టించి డిక్కీలో వేసుకుని మరునాడు తెల్లవారగానే బయలుదేరాను. పక్కన నీళ్ల డబ్బాతో రామాంజులు, వెనక సీట్లో నాగరత్నమ్మ.

సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. సోమందేపల్లి దగ్గర రేడియేటరు మరిగి టీ అంగడి ముందు ఆగాను. అంగడాయన కారు చుట్టూ తిరిగి చూశాడు.

"ఏమప్పా, కారుకు జొరమా? ఏడ్చుకుంట వస్తాండాది."

"గేర్లలో చిన్న లోపం" అన్నాను.

వెనక సీట్లోంచి వినబడింది, "సరిగ్గా చెప్పు మేస్త్రీ."

చెప్పాను. ఇరుసు తిరగేసి బిగించానని, ముందుకు పోవాలంటే వెనక గేరు వేయాలని, హిందూపురం హెడ్ మేస్త్రిని నేనేనని. అంగడాయన నవ్వలేక నవ్వాడు. ఆ తరువాత ప్రతి మజిలీలోనూ ఇదే పాఠం. పెనుకొండ చేరేసరికి మా సర్వీసు బస్సుల కండక్టర్లకే తెలిసిపోయింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ "రివర్సు మేస్త్రీ!" అని కేకలు వేస్తూ పోయారు. నిన్నటిదాకా నన్ను చూసి బీడీ పారేసినవాళ్లు వాళ్లు.

పెనుకొండ ఊళ్లోకి పోకముందు కొండ కింద మలుపులో నాగరత్నమ్మ ఆపమంది. దిగి కల్వర్టు గోడ దగ్గర కాసేపు నిలబడింది. తిరిగి వచ్చి కూర్చుని "పా" అంది. ఆ పూట పెనుకొండలో ఆగి, మరునాడు ఎండ నెత్తికెక్కే వేళకు ధర్మవరం చేరాం.

స్టేషను ముందు కబురు అందుకుని వచ్చిన నారాయణప్ప, జట్కావాళ్లు, కూలీలు, చీరల వర్తకులు ఉన్నారు. అందరి ముందూ కారును వెనక గేరులో ముందుకు, ముందు గేరులో వెనక్కి నడిపి చూపించాను. జాకీ ఎత్తి, ఇరుసు దించి, నేల మీద పెట్టి మూత విప్పి, ఏది ఎక్కడ ఉండాలో, నేను ఎక్కడ పెట్టానో నారాయణప్ప చేతనే పళ్లు తిప్పించి చెప్పాను. తరువాత దిమ్మెలు పెట్టి, ఇరుసును సరైన మొహంగా బిగించాను. పొద్దు వాలకముందే రామాంజులు ఒకటో గేరు వేశాడు. కారు ముందుకు పోయి స్టేషను చుట్టు తిరిగి వచ్చింది. ఒక వర్తకుడు అక్కడికక్కడే కదిరికి బాడుగ మాట్లాడుకున్నాడు.

నారాయణప్ప నా చెయ్యి పట్టుకున్నాడు. "తప్పు చేసినోళ్లు ఊరంతా ఉండారు. నడీదిలో ఒప్పుకునే మొగోడు యాడుండాడప్పా?" చుట్టూ ఉన్నవాళ్లు కూడా అవునవునన్నారు. రెండు రోజుల అవమానం తరువాత ఆ మాట నాకు చల్లగా తగిలింది. నా ఛాతీ మళ్లీ కొంచెం పొంగిందని ఒప్పుకోవాలి.

నాగరత్నమ్మ జనం వెనకనుంచి ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఆ పొద్దే తెలుసు బావా ఈ మేస్త్రికి. నాలుగు దినాలు నా మొగుణ్ని దయ్యాన్ని చేసి ఊరుకున్నాడు. అదీ చెప్పమను."

ఎలా కనిపెట్టిందో నేను అడగలేదు. తెలిసిన పని చేసేవాడికి తప్పు ఎప్పుడు తెలుస్తుందో ఊహించడం పెద్ద కష్టం కాదు. అదీ చెప్పాను. నారాయణప్ప నా చెయ్యి వదిలేశాడు.

ఆ కారు ధర్మవరం స్టేషను దగ్గర చాలా ఏళ్లు తిరిగింది. సర్వీసుకు రామాంజులు తెచ్చేవాడు, ఆమె మళ్లీ మా వర్క్‌షాపు గడప తొక్కలేదు. రివర్సు మేస్త్రి అన్న పేరు నాతోపాటు ఫోర్‌మన్ దాకా పెరిగి, నాతోనే రిటైరైంది. నా చేతి కింద పనిచేసినవాళ్లకు ఒక నియమం పెట్టాను: చక్రాలు ఎత్తి తిప్పినప్పుడు, ఎటు తిరుగుతున్నాయో పైకి చెప్పాలి. అది ఇరుసు గురించి నేర్చుకున్నది. రెండోది నియమంగా పెట్టడానికి వీలుకాలేదు. తప్పు జరిగిన చోట చేసినవాడు నోరు మూసుకుంటే, ఆ తప్పు ఊరికే పోదు, ఎదురు చెప్పలేనివాడి మీద పడుతుంది. ఆనాడు ఎదురు చెప్పలేనివాడు చనిపోయి ఉన్నాడు. అతని తరఫున అడగడానికి ఒక మనిషి ఉంది కాబట్టి నాకు తెలిసివచ్చింది.