శేషం నాలుగు

ప్రెస్సులో అందరూ ఆయన్ని అంకెలాయన అనేవారు. రసీదు పుస్తకాల మీద వరస నంబర్లు కొట్టే యంత్రం దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు నిలబడ్డ మనిషి. ఒక్క అంకె తప్పు పోనిచ్చి ఎరగడు. భార్యది అంతకు మించిన పిచ్చి. బడిలో లెక్కలు చెప్పేది. మొగుడు గడప దాటి చెప్పులు విడవకముందే "ఇవాళ ఎక్కడ ఆపారు?" అని అడిగి, ఆ సంఖ్య వేటితో నిశ్శేషంగా పోతుందో నోటితోనే తేల్చి పారేసేది. వాళ్లిద్దరికీ అదే సరదా, అదే సరసం.

ఆమె మంచాన పడ్డాక ఆయన సెలవు పెట్టాడు. ఆ రోజు యంత్రం ఆగిన సంఖ్య ముప్పై లక్షల ఎనభై ఆరు వేల ఎనిమిది వందల యాభై ఒకటి. అది దేనితోనూ తెగని ప్రధాన సంఖ్యేమోనని ఆమె అనుమానం. తేలాలంటే రెండు మొదలుకొని పదిహేడు వందల యాభై మూడు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. మొత్తం రెండు వందల డెబ్భై మూడు.

"రోజుకొకటే చేద్దాం. ఇది తేలేదాకా నేను కదలను," అంది.

నెల గట్టెక్కదన్నాడు డాక్టరు. నూట పన్నెండు సాయంత్రాలు గడిచాయి! ఆయన కాగితం మీద భాగించి చెప్పడం, ఆమె కళ్లు మూసుకుని గుణించి సరిచూడడం. ఆ భాగహారమే తన భార్యను పట్టి ఉంచుతోందని ఆయన గట్టిగా నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, పాపం!

నూట పదమూడో సాయంత్రం ఆరు వందల పదిహేడు వంతు వచ్చింది. ఐదు వేల మూడు సార్లు పోయింది. కింద సున్నా. మళ్లీ చేశాడు. మళ్లీ సున్నాయే. ఇంకా నూట అరవై రోజులున్నాయి కదా అని ధైర్యంగా ఉన్న మనిషి ఆ కాగితాన్ని బోర్లించాడు.

"ఏమైందండీ?"

"ఐదు వేల మూడు. శేషం నాలుగు."

భాగఫలం తప్పు చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఎన్నడూ తప్పు అంకె పలకని నోరది. శేషం ఒక్కటే మార్చగలిగాడు.

ఆమె పెదవులు కదిలాయి. "ఏడు మూళ్లు ఇరవై ఒకటి. దాని మీద నాలుగేస్తే చివర ఐదు రావాలి. మనదాని చివర ఒకటి కదండీ." కళ్లు తెరిచి ఆయన వంక చూసింది. "అబద్ధమాడినా అతికినట్టుండాలి. తెగిపోయిందా?"

ఆయన ఏడ్చేశాడు. ఏడుస్తూనే, "ఇంకోటి ఇస్తానే, దీని తాతలాంటిది," అంటూ తోచిన అంకెలన్నీ గబగబా పేర్చి, ఎనిమిది అంకెల సంఖ్యొకటి చదివాడు.

ఆమెకు నవ్వొచ్చింది. "అయ్యో, పిచ్చి మహానుభావా! చివర ఎనిమిదేశారు. రెండుతోనే పోయింది."

ఆయన దాన్ని కొట్టేసి మరోటి రాయబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని, "చాలండీ, అలిసిపోయాను," అంది. ఆ వారం దాటలేదు.