పుల్ల ఐసులో పగడాలు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఎమ్మెస్సీ చదివినవాళ్ళకు తెలియనిది లోకంలో లేదన్నది ఒకటి; మన రైళ్ళు ఆలస్యమైతే కావచ్చు గానీ ఆగిపోవన్నది రెండోది. రెండూ ఒకే మధ్యాహ్నం ఎర్రుపాలెం స్టేషన్లో పోయాయి. సెల్‌ఫోనుకు వచ్చే కాల్స్ ఉచితమైన కొత్త రోజులవి. నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో చిన్న ఉద్యోగిని. సముద్రంలో దిబ్బలు కట్టే పగడపు జీవుల జన్యువుల్నీ, వాటి ఒంట్లో కాపురముండే సూక్ష్మజీవుల జన్యువుల్నీ చదవడం మా పని. (మా ఇంట్లో మాత్రం "పిల్ల నగల కంపెనీల చేస్తది" అని చెప్పుకునేవాళ్ళు.) అంతకుముందు రెండుసార్లు తెచ్చిన నమూనాలు దారిలోనే వేడెక్కి పాడైపోయాయి. మూడోసారి నన్ను పంపుతూ మా సారు, "ఇవీ పాడైతే ప్రాజెక్టు మూసేస్తారమ్మా. నీ ఉద్యోగం కూడా అందులోదే" అన్నారు, చాలా మర్యాదగా.

కావలసిన అనుమతులన్నీ తీసుకుని, గోరంత పగడపు ముక్కలు పన్నెండు చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో బిగించి, థర్మకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టుకుని తమిళ తీరం నుంచి రైలెక్కాను. ఎర్రుపాలెంలో రైలు ఆగింది. ఎగువన వాన పడి ముందున్న వాగు పొంగిందట, పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిందట, రేపు పొద్దున దాకా కదలదట. ఇక్కడ మాత్రం చినుకు లేదు, ఒళ్ళంతా ఉక్క. పెట్టె మూత ఎత్తి చూస్తే ఐసు సగం నీళ్ళయింది. అదృష్టం కొద్దీ మా పెద్దమ్మది ఆ ఊరే. పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగెత్తాను.

పెద్దమ్మ ఇంట్లో ఫ్రిజ్ లేదు. "పగడాలు పెద్దమ్మా, చెడిపోతయ్!" అని నేను ఏడ్చిన ఏడుపు వీధి చివరి దాకా వినబడింది కాబోలు, ఐదు నిమిషాల్లో ఆడవాళ్ళంతా పగడాలు చూడటానికి వచ్చేశారు. ఒకావిడ కూతురి ఉంగరానికి కొలత దారం కూడా తెచ్చింది. చూపించక తప్పలేదు. గుప్పున సముద్రపు నీచు.

"ఇవేంది, సున్నపురాళ్ళ లెక్కున్నయ్?" అంది పక్కింటి అత్త ముక్కు మూసుకుని. (పగడపు గూడు సున్నపురాయే; నేను ఒక సెమిస్టరంతా చదివి తెలుసుకున్నది సరిగ్గా అదే.)

అందరూ వెళ్ళిపోయాక పెద్దమ్మకు చెప్పుకున్నాను. "అది రాయి కాదు పెద్దమ్మా, జీవి. దాని ఒంట్ల కంటికి కనపడని నాచుంటది. అది ఎండతోటి అన్నం వండి దీనికి పెడ్తది. సముద్రం వేడెక్కితే ఇది ఆ నాచునే బయటికి తోసి, తెల్లబడి, ఆకలికి చస్తది. ఎందుకో తెలుసుకోవాలె."

పెద్దమ్మ కొంగు నడుముకు దోపింది. "అంటే, కిరాయికున్నోళ్ళే ఇంటోళ్ళకు అన్నం పెడ్తుంటే, ఎండకు మతిచెడి వాళ్ళనే ఎళ్ళగొడ్తదా? దీని సంగతేందో తేలాల్సిందే. లే, నడువ్."

రైలు గేటు దగ్గర ఒక తాత పుల్ల ఐసు మిషను నడిపేవాడు. పెట్టెలోకి తొంగిచూసి వెనక్కి జరిగాడు. "చచ్చిన చేపల వాసనొస్తంది. పిల్లలు తినే ఐసు అచ్చుల్ల పెట్టమంటవా?"

"పిల్లలు తినేటియి ఎందుకన్నా, మూలకేసిన పాత అచ్చులు లేవా? నా బిడ్డ కొలువు పోతది" అంది పెద్దమ్మ. ఆ మాటకు నేను మళ్ళీ ఏడ్చాను. (ఈసారి కొంచెం అవసరానికి మించి.) తాత లేచి, తుప్పుపట్టిన అచ్చులు దులిపాడు.

"కరెంటు పోతే ఎట్ల తాతా?" అన్నాను.

"ఇది ఉప్పునీళ్ళ తొట్టి. సల్లదనం అంత జల్దీ పోదు. ఉప్పు కలిస్తే ఉత్త ఐసు కంటే సల్లగుంటది. చదువుకున్నవ్ గదా, తెల్వదా?"

తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తట్టలేదంతే.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి పన్నెండు గొట్టాలూ పన్నెండు ఐసు కడ్డీల లోపల బిగుసుకుని ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో పుల్ల. "పుల్లెందుకు తాతా?" అంటే, "పుల్ల లేకుంటే అచ్చుల నుంచి ఎట్ల గుంజుతవ్?" అన్నాడు. పగలగొట్టిన ఐసు, గళ్ళుప్పు, పెట్టె చుట్టూ రంపపు పొట్టు, పైన గోనెసంచి వేసి తానే కట్టి ఇచ్చాడు. పెద్దమ్మ రైలు కదిలేదాకా "మూత తియ్యకు, మూత తియ్యకు" అని ప్లాట్‌ఫాం మీద నడుస్తూనే ఉంది.

ప్రయోగశాలలో అందరూ చుట్టూ చేరారు. సారు మూత తీశారు. పాత అచ్చుల్లో మిగిలిన రంగు కాబోలు, కడ్డీలన్నీ లేత నారింజ రంగులో మెరిశాయి. సారు ఒకదాన్ని పుల్ల పట్టుకుని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, "ఇది శాంపిలా, నాకోసం తెచ్చావా?" అన్నారు. నవ్వని వాళ్ళు లేరు. నేనొక్కదాన్నే నవ్వలేదు.

రెండు రోజుల తర్వాత చీకటి గదిలో, నమూనాల సారం పోసిన జెల్లీ పలక కింద అతినీలలోహిత దీపం వేసి చూస్తే పన్నెండు వరుసల్లోనూ డీఎన్‌ఏ గీతలు నిప్పుకణికల్లా వెలిగాయి. ఇంటివాళ్ళవీ ఉన్నాయి, కిరాయికున్నవాళ్ళవీ ఉన్నాయి, ఒక్కటీ చెడలేదు. ఎప్పుడూ గొంతు పెంచి ఎరగని సారు వరండాలోకి పరుగెత్తి "వచ్చాయర్రా!" అని కేకేశారు. నవ్విన వాళ్ళంతా వచ్చి నా చేయి ఊపారు. ఆ వారమంతా నేను నేల మీద నడిచిన గుర్తు లేదు. పెద్దమ్మకు ఫోన్ చేస్తే సంబరపడి, "మరి ఎందుకు ఎళ్ళగొడ్తదో తేలిందా?" అంది. ఇంకా లేదంటే, "తేలినంక చెప్పు" అని పెట్టేసింది.

ఆ పని మీద మేం రాసిన వ్యాసంలో ఒక వాక్యం ఉంది: నమూనాలను సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో తరలించాము. నేను రాసిన వాక్యాలన్నిటిలో అంత నిజమైనది, అంత అసంపూర్ణమైనది మరొకటి లేదు. ఈమధ్య నా దగ్గర పనిచేసే అమ్మాయి అది చదివి, "మేడం, ఆ రోజుల్లోనే మీకంత మంచి సౌకర్యాలుండేవా?" అని ఆశ్చర్యపోయింది.

నెరిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుని, "ఉండేవమ్మా" అన్నాను. "ఇప్పుడే లేవు."