చనిపోయిన కెప్టెన్‌ను బతికించడం

దెందులూరు దగ్గర మా ఊరి చర్చిలో ఆరాధన చివర ప్రార్థన మనవులు అడిగేవారు. చిన్నప్పుడు ఒక ఆదివారం నేను లేచి, ఓడతో సహా తప్పిపోయిన కెప్టెన్ కోసం ప్రార్థించమన్నాను. అది టీవీ సీరియల్లోని అంతరిక్ష నౌక అని చెప్పలేదు. సంఘమంతా మోకరించింది. ఆ వారమే సీరియల్లో కెప్టెన్ చనిపోయాడు.

"ఆ కెప్టెన్‌గారు దొరికారా అమ్మా?" అని పాస్టరమ్మగారు అడిగితే నిజం చెప్పి ఏడ్చాను.

"అంతమందిచేత మోకాళ్లు వేయించావు. ఊరికే పోనిస్తావేంటి? నువ్వే మరోలా రాయి," అన్నారావిడ.

ఆ రోజే అతన్ని బతికించి రాశాను. ఇప్పుడు ఏలూరులో టీచర్ని. సెలవుల్లో ఇంకా రాస్తున్నాను. ఒక కథలో అతను ప్రమాదానికి ముందే వెనక్కి తిరిగాడు, ఇంకోదానిలో నౌక కొల్లేట్లో దిగింది. ఏ కథలోనూ అతన్ని చావనివ్వలేదు. చావనివ్వను.